ఇద్దరల్లుళ్లు, ఒక ఎర్ర చోపడా

స్థలం బార్డోలీ. సూరత్‌లో బయల్దేరి కడోదరా చార్‌రస్తా దాటి, చెరుకు తోటల మధ్య కాసేపు పోతే వచ్చే ఊరు. పటేల్‌ను సర్దార్‌ను చేసిన ఊరు. సమయం దీపావళి సాయంత్రం; చోపడా పూజకు ఇంకా గంట ఉంది. గుజరాతీ వ్యాపారులు ఆ పూట కొత్త లెక్కల పుస్తకానికి పూజ చేస్తారు. లెక్కలన్నీ కంప్యూటర్లోకి పోయి ఏళ్లయినా ఎర్ర అట్ట పుస్తకం ఒకటి కొనక మానరు. బార్డోలీలో ఉంటున్నందుకు మన మామకూ ఆ అలవాటు అంటింది.

మామ వరంగల్ పక్క పల్లె నుంచి సూరత్‌కు సాంచా, అంటే మరమగ్గం, నడపడానికి వచ్చి, ఇప్పుడు పది మంది చేత నడిపిస్తున్న సేఠు. అత్తమ్మ వంటింట్లోంచే ఇంటిని నడుపుతుంది. పెద్దల్లుడిది మంగళగిరి, బెంగళూరులో ఉద్యోగం, ఏడాది చందా కట్టనిదే ఏ వస్తువునూ నమ్మడు. చిన్నల్లుడిది సిరిసిల్ల, మామకు మేనల్లుడు కూడా, హైదరాబాద్‌లో కోడింగు చేస్తాడు, డబ్బు కట్టమన్న ఏ వస్తువునూ నమ్మడు. మునీంజీ గుజరాతీ. తెలుగు నేతవాళ్ల దగ్గర లెక్కలు రాసీ రాసీ తెలుగు పట్టుబడింది, వ్యాకరణం పట్టుబడలేదు.

మామ: (కంప్యూటర్ ముందు) మళ్ల తప్పంటున్నది. రెండుసార్లు కొట్టిన. ట్రక్కు కడోదరా చార్‌రస్తాల నిలబడ్డది. అన్నీ వరంగల్ పోయే చీరలు. ఈ-వే బిల్లు చేతికి రానిది డ్రైవరు కదలనంటుండు.

పెద్దల్లుడు: 50 వేలు దాటిన సరుక్కి బిల్లు ఉండి తీరాలి కదా మావయ్యా.

మామ: సరుకు సంగతి నాకు తెల్సు అల్లుడుగారూ, పాస్‌వర్డు సంగతి చెప్పుండ్రి. ఎకౌంటు పోరడు ఉన్నన్నాళ్లు వాడే కొట్టెటోడు. పోయిన వారం మాటా మాటా వచ్చి వాపికి పోయిండు.

చిన్నల్లుడు: ఏం పాస్‌వర్డు పెట్టినవ్ మామా?

మామ: అది ఎవ్వలకు చెప్పొద్దంటరు గద.

అత్తమ్మ: (వంటింట్లోంచి) సర్దార్ ఎట్ 1928. వైఫైకి గదే, కరెంటు బిల్లుకు గదే, బ్యాంకుకు గదే. బార్డోలీల సగం మందికి గదే ఉంటది.

మామ: అందుల తప్పేమున్నది? పెద్దక్షరం అడిగిండ్రు, పెట్టిన. గుర్తు అడిగిండ్రు, పెట్టిన. అంకెలడిగిండ్రు, ఉత్తంకెలు పెట్టలే, చరిత్ర పెట్టిన. సర్కారు శిస్తు 22 శాతం పెంచితే ఈ తాలూకా రైతులు కట్టమని కూసున్నరు. జప్తుకొచ్చెటోళ్లకు దొరకకుండ ఇండ్లకు తాళాలేసుకొని, బర్రెలను గూడ లోపలనే కట్టేసుకున్నరు. అధికార్లు వస్తుండ్రంటే కాపలా పోరగాళ్లు డప్పు కొట్టెటోళ్లు. ఆఖరికి విచారణ జేసి 6.03 శాతం పెంచితే చాలన్నరు. తాళం ఎట్ల వెయ్యాల్నో బార్డోలీకి నేర్పుతరా?

పెద్దల్లుడు: అంతకు ఆరేళ్ల ముందే, 1922లో, మా గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్ను కట్టడం ఆపేశారు. గాంధీగారు బార్డోలీలో మొదలుపెడదామా అని ఆలోచిస్తుండగానే.

మామ: ఆపిండ్రు, మళ్ల కట్టిండ్రు.

పెద్దల్లుడు: చౌరీచౌరా అయ్యాక ఉద్యమం ఆపెయ్యమని తీర్మానం చేశారు కాబట్టి. ఆ తీర్మానం చేసింది కూడా మీ బార్డోలీలోనే.

(ఈ వాదన ఏటా దీపావళికి జరిగేదే. ఈసారి ట్రక్కు పుణ్యమా అని తొందరగా తెమిలింది.)

చిన్నల్లుడు: చరిత్ర అందరికీ తెల్సు మామా, తకరారంతా అక్కడనే. 2009ల రాక్‌యూ అనే కంపెనీ కాడ 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టే బయటపడ్డయి. అన్నిటికంటే ఎక్కువ మంది పెట్టుకున్నది 123456. అప్పటిసంది దొంగలకు గా జాబితానే పెద్దబాలశిక్ష. ఊరి పేరు, దేవుని పేరు, నాయకుని పేరు, పక్కకు ఒక సంవత్సరం. మనిషి బుర్ర యాడికి పోతదో వాళ్ల మిషన్లు ముందే పోయి కూసుంటయి.

మునీంజీ: సర్దార్ కి కూడా దొంగల లిస్టులో పెట్టేసినారా? రామ్ రామ్!

పెద్దల్లుడు: అసలు ఈ పెద్దక్షరం, గుర్తు, అంకె అనే నియమాలు 2003లో రాసిపెట్టినాయన బిల్ బర్ అని, అమెరికాలో ప్రమాణాలు చూసే నిస్ట్ సంస్థ ఉద్యోగి. 2017లో ఆయనే పత్రికవాళ్లతో వాపోయాడు, ఎందుకు రాశానా అని. ఆ ఏడాదే ఆ సంస్థ కొత్త సూచనలిచ్చింది: పొడవు ముఖ్యం, కారణం లేకుండా మాటిమాటికీ మార్పించొద్దు అని. మా ఆఫీసుకి ఆ కబురింకా అందలేదు. మూడు నెలలకోసారి మార్పిస్తూనే ఉన్నారు.

మామ: మార్చమంటే నేను గూడ మారుస్త. 1928 పోతే 1929.

చిన్నల్లుడు: గందుకే మామా, జనరేటరు! ఎకౌంటు వద్దు, చందా వద్దు, దాచే పెట్టె వద్దు. బటన్ నొక్కుతే పాస్‌వర్డు ఊడిపడ్తది. కీబోర్డు మీద కొట్టగలిగే అక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి 94. ఒక్కొక్క చోట 94ల ఏదన్న రావచ్చు. 16 చోట్లు. 37 పక్కకు 30 సున్నాలు పెట్టు, గన్ని రకాలు. సర్దార్ గారే దిగొచ్చినా ఊహించలేడు. రాసుకోండి మునీంజీ: పెద్ద జెడ్, చిన్న క్యూ, డాలర్...

మునీంజీ: డాలర్ ఇవాళ రేటు వేసి రాయాలా?

చిన్నల్లుడు: గుర్తు మునీంజీ, డాలర్ గుర్తు! తర్వాత తొమ్మిది, మీసాల బ్రాకెట్టు, చిన్న ఎల్...

మామ: ఎల్లా, ఒకటా?

చిన్నల్లుడు: ఎల్.

మామ: తెర మీద ఒకటి లెక్కనే ఉన్నది.

పెద్దల్లుడు: (నవ్వుతూ) పదహారు అక్షరాలకే చిత్తు చోపడాలో సగం పేజీ అయింది. మావయ్యకున్న ఎకౌంట్లు ఎన్ని? జీఎస్టీ, ఈ-వే బిల్లు, ఆదాయ పన్ను, రెండు బ్యాంకులు, కరెంటు, గ్యాసు, రైలు టికెట్లు, ఊళ్లో పొలం కాగితాలు. తమ్ముడూ, నీ జనరేటర్‌కి కనడమే తెలుసు, పెంచడం తెలియదు. పుట్టిన పిల్లని ఎవరి చేతుల్లో పెడతావ్?

చిన్నల్లుడు: దానికీ మందున్నదన్నా. ఏదీ దాచకుండ నడిచే జనరేటర్లున్నయి. స్టాన్‌ఫోర్డోళ్లు 2005ల పీడబ్ల్యూడీహ్యాష్ అని చేసిండ్రు, ఇప్పుడు లెస్‌పాస్ అని ఉన్నది. మనకు ఒక్క మూల పాస్‌వర్డు గుర్తుంటే చాలు. దాన్ని, సైటు పేరును కలిపి రుబ్బుతే ఎన్నిసార్లు రుబ్బినా గదే పాస్‌వర్డు వస్తది. దాచుకునేదే లేదు, ఇగ దొంగ దేన్నెత్తుకపోతడు?

పెద్దల్లుడు: బ్యాంకువాడు మార్చమంటే?

చిన్నల్లుడు: పక్కకు 2 అని నంబరు పెట్టి రుబ్బాలె.

పెద్దల్లుడు: ఇంకోడు గుర్తులు వద్దంటాడు. మరోడు 15 అక్షరాలు మించొద్దంటాడు. జీఎస్టీ ఎన్నోసారి మార్చామో గుర్తుండాలా? ఏ సైటుకి ఏ నంబరో, ఎవడికి గుర్తులు పనికిరావో...

చిన్నల్లుడు: (గొంతు తగ్గించి) గవి మాత్రం యాడనన్న రాసుకోవాలె.

మునీంజీ: (సంతోషంగా) చోపడాలో!

(నాకు చిన్నల్లుడంటే ఇష్టమే. దాచనిది పోదన్న అతని సూత్రం వినడానికి ఉపనిషత్తులా ఉంటుంది. కాకపోతే ఆ మూల పాస్‌వర్డు ఒక్కసారి ఎవడి చేతిలోనైనా పడితే అన్ని సైట్లూ ఒకేసారి పోతాయన్న మాట అతను తనంతట తాను చెప్పడు. అడిగితే చెబుతాడు.)

పెద్దల్లుడు: అందుకే మేనేజర్ అంటాను. కొత్తవి అదే పుట్టిస్తుంది, అదే దాస్తుంది, సైటు తెరవగానే అదే నింపుతుంది. ఫోన్లో ఉంటుంది, కంప్యూటర్లోనూ ఉంటుంది. ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే మన ఆరుగురికీ సరిపోతుంది. మావయ్య ఒక్క పెద్ద తాళం గుర్తుపెట్టుకుంటే చాలు.

చిన్నల్లుడు: లాస్ట్‌పాస్ అనే మేనేజర్ సంగతి చెప్పవేందన్నా? 2022 ఆగస్టుల దొంగలు దూరిండ్రు. ఏం కాలేదు, ఏం కాలేదనుకుంట డిసెంబర్ దాక లాగి, అప్పుడు చెప్పిండ్రు జనం పాస్‌వర్డులు దాచుకున్న పెట్టెల నకళ్లే ఎత్తుకపోయిండ్రని. చందా గట్టి మరీ అప్పజెప్పిండ్రు.

పెద్దల్లుడు: పెట్టెలు పోయాయి గానీ తాళాలేసున్న పెట్టెలు. పెద్ద తాళం కంపెనీవాడి దగ్గర ఉండదు. పెట్టె లోపలున్నదంతా మేనేజర్ మన ఫోన్లోనే గుప్తలిపిలోకి మార్చి పంపిస్తుంది.

చిన్నల్లుడు: సైటు అడ్రసులు గుప్తం జేయలే. ఎవలకు ఏ బ్యాంకుల ఖాతా ఉన్నదో పెట్టె మీదనే రాసున్నట్టు. ఇగ పెద్ద తాళం సర్దార్ ఎట్ 1928 అయితే దొంగ తీరుబాటుగా ఇంట్ల కూసొని తెరుస్తడు. మూడుసార్లు తప్పైతే మూసేసే సైటు కాదు గదా అది. కోట్లసార్లు కొట్టి చూస్తడు.

పెద్దల్లుడు: (చిరాగ్గా) మరి జనరేటర్లు గంగిగోవులా? కాస్పర్‌స్కీ సంగతి తీస్తావా? వాళ్ల జనరేటరు గడియారంలో సెకన్ల ముల్లు చూసి పాస్‌వర్డు పుట్టించేది. ఒకే సెకన్లో బటన్ నొక్కితే బార్డోలీ మావయ్యకీ, బ్రెజిల్లో ఇంకో మావయ్యకీ ఒకటే పాస్‌వర్డు! 2010 నుంచి 2021 దాకా ఉన్న సెకన్లు దాదాపు 35 కోట్లు. దొంగ అన్నీ వరసగా కొట్టి చూడ్డానికి అదేమంత పెద్ద లెక్క కాదు. 2021లో డాంజన్ అనే పరిశోధకుల బృందం బయటపెట్టింది. అన్నాళ్లు ఎవరూ ఎందుకు పసిగట్టలేదో తెలుసా? పాస్‌వర్డు వచ్చేటప్పుడు అక్షరాలు గిర్రున తిరిగే బొమ్మ ఒకటి పెట్టారు. ఆ బొమ్మ ఆడేసరికే సెకను దాటిపోయేది. అందుకని రెండుసార్లు నొక్కినవాడికి ఒకటే పాస్‌వర్డు కనబడలేదు.

చిన్నల్లుడు: అన్నా, గది కాస్పర్‌స్కీ పాస్‌వర్డ్ మేనేజర్. నీ పార్టీ!

పెద్దల్లుడు: చెడింది దాని లోపలున్న జనరేటరు. నీ పార్టీ!

(ఆ పరువుతక్కువ ఎవరి ఖాతాలో వెయ్యాలో తేలలేదు. వింటున్న మునీంజీ చిత్తు చోపడాలో రెండు పేర్లూ రాసి, పక్కన గీత గీసి వదిలేశాడు.)

అత్తమ్మ: (పళ్లెంతో వస్తూ) ముందు గివి తినుండ్రి. పక్కింటోళ్లు పంపిన పాత్రా. చేమాకుకు శనగపిండి పూసి, చుట్టజుట్టి, ఉడకబెట్టి కోసిండ్రు. వేడిగున్నప్పుడే తినాలె. ఇగ నాదొక్క మాట జెప్పుండ్రి. మొన్న నా ఫోన్‌కు మెసేజొచ్చింది, బిల్లు కట్టలే, రాత్రికి కరెంటు కోస్తమని. కింద లింకు. నొక్కితే అచ్చం కరెంటోళ్ల పేజీనే. పాస్‌వర్డు కొట్టబోయి ఆగిన. మీ రెండిట్ల ఏది నన్ను ఆపుతది?

చిన్నల్లుడు: (నోట్లో పాత్రా) ఊఁ...

పెద్దల్లుడు: మేనేజర్ ఆపుతుంది అత్తమ్మా. అది పేజీ మొహం చూడదు, పైనున్న అడ్రసు చూస్తుంది. అసలు సైటు అడ్రసులో ఒక్క అక్షరం తేడా వచ్చినా పాస్‌వర్డు నింపదు. జనరేటరువాడు కాపీ కొట్టి తెచ్చి దొంగ చేతిలోనే పోస్తాడు.

(ఇక్కడ పెద్దల్లుడు గెలిచాడు. వాదన పొడుగునా అతను చెప్పిన వాటిలో చందా కట్టకుండా నిలబడే మాట ఇదే. ఫోన్లో ముందే ఉండే గూగుల్ మేనేజర్ కూడా ఈ పని చేస్తుంది. కీపాస్ అనే మేనేజరైతే 2003 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ఆ మాట చిన్నల్లుడికి తెలుసు. పాత్రా అయిపోయాక చెబుదామనుకున్నాడు.)

అత్తమ్మ: బాగనే ఉన్నది. ఆ పెద్ద తాళం మీ మామకు ఒక్కనికే తెల్సి ఉంటదంటరు. రేపు మనిషికి ఏమన్నయితే పెట్టె ఎవలు తెరుస్తరు? ఊళ్లె పొలం కాగితాలు, బ్యాంకుల డిపాజిట్లు అన్నీ అండ్లనే పాయె.

మామ: పండుగ పూట గదేం మాటనే!

పెద్దల్లుడు: అత్యవసర వారసుడు అని ఒక సదుపాయం ఉంటుంది. ముందే ఒకరి పేరు పెట్టాలి. వాళ్లు అడిగాక మావయ్య కొన్నాళ్ల దాకా వద్దనకపోతే పెట్టె తెరుచుకుంటుంది.

మామ: ఎవల పేరు పెట్టాలె?

(ఇద్దరల్లుళ్లూ ఒకేసారి గొంతు సవరించుకున్నారు. ఆస్తి పంపకాల మాట ఇంట్లో అదే మొదటిసారి వచ్చింది, అదీ ఒక యాప్ పుణ్యాన.)

అత్తమ్మ: నా పేరు పెట్టుండ్రి. అయిపోయింది. ఇగ పెద్ద తాళం ఏం పెట్టాలె?

చిన్నల్లుడు: (తేరుకుని) దానికి పాచికలెయ్యాలె అత్తమ్మా. 1995ల ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనేటాయన చెప్పిన పద్ధతి. ఐదు పాచికలేస్తే ఒక నంబరు. గా నంబరుకు జాబితాల ఒక మాట ఉంటది. మొత్తం 7,776 మాటలు. గట్ల ఆరుసార్లేస్తే ఆరు మాటలు. గుర్తుంటయి, ఊహకు అందవు.

అత్తమ్మ: పాచికలెందుకు, నేనే చెప్త. గోంగూర, సాంచా, బీము, బతుకమ్మ, మక్కజొన్న, మొగుడు.

చిన్నల్లుడు: మనం అనుకొని పెట్టొద్దత్తమ్మా. మన బుర్రల నుంచి వస్తే దొంగ బుర్రకూ అందుతది. మాటలను ఏరేది పాచిక కావాలె.

అత్తమ్మ: పచ్చీసు గవ్వలున్నయి.

చిన్నల్లుడు: గవ్వలు సమంగ పడవు. కొన్ని బోర్లనే ఎక్కువ పడ్తయి.

అత్తమ్మ: నలభై ఏండ్లు ఆడిన, గిప్పుడు తెల్సింది మీ మామ ఎట్ల గెలుస్తుండో.

మునీంజీ: (ఇక ఆగలేక) సేఠ్, అందరు మాట్లాడినారు. నేను ఒకటి చెప్పాలా? నా దగ్గర ముప్పై సంవత్సరం నుంచి ఉంది మేనేజర్. (తిజోరీ తాళం తీసి పాత ఎర్ర చోపడా బయటికి తీశాడు. చుట్టిన తాడు విప్పి, మొదటి పేజీలో గణపతి బొమ్మ కింద శుభ్ లాభ్ దాటి, వేలు కిందికి జరిపాడు.) సైట్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్. మారితే కొట్టేసి కింద కొత్తది. తారీఖు వేసి.

ఇద్దరల్లుళ్లు: (ఒకేసారి) కాగితం మీదా!

(వాదన మొదలైన దగ్గర్నుంచి ఇద్దరూ కలిసి అన్న మాట ఇదొక్కటే.)

మునీంజీ: దీనికి కరెంట్ పోదు. నెట్ పోదు. రష్యా నుంచి ఎవడు కూడా నా తిజోరీలో చెయ్యి పెట్టలేడు.

పెద్దల్లుడు: (అయిష్టంగా) నిజానికి బ్రూస్ ష్నయర్ అని, ఈ విద్యలో పేరు మోసినాయన, 2005లోనే కాగితం మీద రాసుకోమన్నాడు. చిన్న కాగితాలు భద్రంగా దాచుకోవడం మనుషులకు బాగా వచ్చు, పర్సులో పెట్టుకోండి అని.

చిన్నల్లుడు: పుస్తకం నకలు ఉండదు. అగ్గి పడితే?

మునీంజీ: అగ్గి పడితే సాంచాలు కూడా పోతాయి. అప్పుడు పాస్‌వర్డ్ ఏం చేస్తారు?

మామ: ఆగుండ్రి. ఈ-వే బిల్లుది ఏం రాసున్నది?

మునీంజీ: ఇక్కడ. 1928 కొట్టేసిన. 1929 కొట్టేసిన. 1930 కొట్టేసిన. ఇప్పుడు ఉన్నది 1931. గాంధీ-ఇర్విన్ అని ఆ ఎకౌంట్ ఛోకరా గుర్తుకు చెప్పినాడు.

(మామ ఒక వేలితో కొట్టాడు. పేజీ తెరుచుకుంది. ముగ్గురు మగవాళ్లూ లేచి నిలబడ్డారు. మునీంజీ మాత్రం చోపడాకు తాడు చుట్టడం మొదలుపెట్టాడు.)

మామ: ఓటీపీ పంపినమంటున్నది. నా ఫోన్‌కు రాలే.

పెద్దల్లుడు: 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ సైట్లో అందరికీ రెండో తాళం తప్పనిసరి మావయ్యా. పాస్‌వర్డు ఒక్కటీ ఉంటే సరిపోదు. రిజిస్టర్ చేసిన నంబరుకి వెళ్తుంది.

మామ: చివర 47 ఉన్నది. నాది కాదు, మీ అత్తది కాదు.

మునీంజీ: అది ఎకౌంట్ ఛోకరాది సేఠ్. పనంతా అతనే చూస్తున్నాడు కదా, అతని నంబరే పెట్టమని మీరే చెప్పినారు.

చిన్నల్లుడు: (ఉత్సాహంగా) చూసినవా అన్నా, నీ మేనేజర్ ఉన్నా ఏం లాభం లేకుండె.

పెద్దల్లుడు: నీ జనరేటర్ ఉంటే మాత్రం?

చిన్నల్లుడు: పైసలన్నా మిగిలేటియి.

పెద్దల్లుడు: యాప్‌లోనే కోడ్ పుట్టించే పద్ధతి ఉంటుంది, దాన్ని మేనేజర్లోనే...

మామ: (ఫోన్ స్పీకర్ మీద పెట్టి) ఏం రా పోరగా, మంచిగున్నవా? దీపావళి శుభాకాంక్షలు.

ఫోన్: సేటూ, శుభాకాంక్షలు! ఓటీపీ వచ్చింది, చూస్తున్న. ఆరంకెలున్నయి. నేనడిగిన బోనసు నాలుగంకెలే ఉండె సేటూ.

మామ: ట్రక్కు చార్‌రస్తాల నిలబడ్డదిరా.

ఫోన్: డ్రైవరన్న నాక్కూడ ఫోన్ చేసిండు. పోయిన దీపావళిది గూడ బాకీ ఉన్నది సేటూ, మరిచినట్టున్నరు. జల్ది చెప్పుండ్రి, దీనికి టైము అయిపోతది.

మామ: మునీంజీ, ఇయ్యి. రాయి.

మునీంజీ: కొత్త చోపడాలో మొదటి పద్దు ఖర్చు రాయకూడదు సేఠ్, అశుభం. పూజ కూడా కాలేదు.

అత్తమ్మ: పాతదాంట్లనే రాయుండ్రి, బాకీ గూడ పాతదే గద. రెండేండ్లది కలిపి రాసి, గా పిలగానికి నా నంబరు ఇయ్యమను. సైట్ల ఇగ గదే పెట్టుండ్రి.